గేటుకొక యజమాని

మొక్కల నర్సరీలో పదకొండేళ్ల ఉద్యోగం మానేసి, సొంతంగా ఇంటింటా తోటపని మొదలుపెట్టి అతనికి ఇది మూడో నెల. ప్యాంటు జేబులో పాత జాకెట్టు గుడ్డ చుట్టిన కత్తెర ఉంటుంది. కొమ్మ కోసిన ప్రతిసారీ దాని అంచు తుడుస్తాడు. వాడిన పువ్వు కనిపిస్తే చాలు, బొటనవేలి గోరు తనంతట తనే తుంచేస్తుంది. "ఒక్క యజమానిని వదిలి గేటుకొక యజమానిని తెచ్చుకున్నావు," అంటుంది భార్య. కాదనలేడు. మొదటి నెలలోనే మూలింటావిడ గులాబీలను మోకాలెత్తుకు కత్తిరించాడు. ఆవిడ లబోదిబోమంది. "పచ్చటి చెట్లను మోళ్లు చేశావు కదయ్యా! రేపట్నుంచి రాకు." "నెలన్నర ఆగండమ్మా, విరగబూస్తాయి," అన్నా వినలేదు. ఆ మాట వీధంతా పాకి మరో రెండు గేట్లు మూసుకున్నాయి.

ఈ ఉదయం మూలింటి మీదుగా వెళ్తూ సైకిలు ఆపాడు. ఆ ఇంటి గేటు ఊచల్లోంచి గులాబీలు, ఆకు కనపడనంతగా. లోపల నీళ్లు పోస్తున్న ఆవిడే పలకరించింది. "చూశావా? నిన్ను మాన్పించాకే కోలుకున్నాయి, పాపం!" ఊచల పక్కనున్న వాడిన పువ్వు దగ్గరికి అతని చెయ్యి దానంతటదే వెళ్లింది.

"ముట్టుకోకయ్యా," అందావిడ, "నీ చెయ్యి మంచిది కాదు."