దిండు చూశాకే నూనె

నా చిన్నప్పుడు బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఏ బిడ్డకి చెవిపోటు వచ్చినా డాక్టరు కంటే ముందు మా గుమ్మం దగ్గరికే తీసుకొచ్చేవారు. కారణం మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ. పెరట్లో వెల్లుల్లి వేసేది. దీపావళి వెళ్లగానే, నాన్న తను పనిచేసే రైలింజన్ల షెడ్డు నుంచి తెచ్చిన బొగ్గు బూడిద మట్టిలో కలిపి రెబ్బలు గుచ్చేది. ఎండలు ముదరకముందే పీకి, ఆకులతో జడలు అల్లి వంటింటి కిటికీ ఊచలకి వేలాడదీసేది. వెల్లుల్లికి అంత చక్కగా అల్లే మనిషి నా జడ మాత్రం ఎప్పుడూ వంకరగానే వేసేది! బజారు వెల్లుల్లి కూరకి పనికొస్తుందిగాని మందుకి పనికిరాదని ఆవిడ గట్టి నమ్మకం.

దగ్గుకి తేనెలో ఊరేసిన రెబ్బలు ఒక జాడీలో ఉండేవి. చెవిపోటుకి వామూ వెల్లుల్లీ వేసి కాచిన నువ్వుల నూనె ఒక సీసాలో ఉండేది. పక్క క్వార్టర్లోని ఛత్తీస్‌గఢీ పిన్ని "అమ్మాజీ కా తేల్", అమ్మగారి నూనె అంటూ దాన్ని కాలనీ అంతా చాటేది. మామ్మకి హిందీ అంతంతమాత్రమే గాని, ఆ పొగడ్త మాత్రం బాగానే అర్థమయ్యేది. విన్న రోజు ఆవిడ కాలు నేల మీద ఆనేది కాదు.

ఒక వానాకాలం జలుబు చేసి నాకే చెవిపోటు పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి, తెల్లవారాక నొప్పి కాస్త తగ్గి నిద్రపోయాను. లేచేసరికి అమ్మ నూనె వెచ్చచేసి, దూది ముంచి సిద్ధంగా ఉంది. పక్కింటి పిన్ని నా తల ఒడిలో పెట్టుకుంది. అప్పుడే పెరట్లోంచి వచ్చిన మామ్మ నా వైపైనా చూడకుండా నా దిండు తీసి కిటికీ వెలుతురులో చూసింది. గలీబు మీద పచ్చటి చిన్న మరక. గబుక్కున అమ్మ చేతిలో దూది లాక్కుంది.

"ఒద్దే అమ్మా. చెవి కారతంది. లోపలేటయిందో నాకగుపడదు. అగుపడని కాడ నా ఎల్లుల్లి ఎయ్యను. డాక్టరుకి సూపిద్దాం."

అమ్మ తెల్లబోయింది. పిన్ని అయితే, మా పిల్లలకి నూనె, సొంత మనవరాలికి డాక్టరా, అచ్ఛా, అని మూతి తిప్పుకుంది. ఆ మాట మామ్మకి ఎంత గుచ్చుకుందో ముఖంలో తెలిసింది. అయినా అంతవరకు ఆసుపత్రి గడప తొక్కనని భీష్మించిన మనిషి, నన్ను రిక్షాలో ఎక్కించుకుని బయలుదేరింది.

డాక్టరు లైటు వేసి చూసి, లోపలి పొరకి చిల్లు పడిందన్నాడు. నూనేమైనా పోశారా అని అడిగాడు. లేదని మామ్మ తలూపింది. పోసి ఉంటే పని ముదిరేదనీ, మందులు వాడి నీళ్లు తగలనివ్వకపోతే పొర పూడుతుందనీ చెప్పాడు. తిరుగు దారిలో మామ్మ నా తల గుండెకి హత్తుకుని చప్పుడు లేకుండా ఏడ్చింది. ఆవిడ చేతుల వెల్లుల్లి వాసన అంతకుముందు నాకు గిట్టేది కాదు. ఆ రోజు మాత్రం ఎంత ధైర్యంగా అనిపించిందో!

అంతవరకు మామ్మ చెవి కారుతోందా అని నోటిమాటగా అడిగి ఊరుకునేది. ఆ తర్వాత ఎవరొచ్చినా "దిండేదీ, తే సూద్దాం" అనేది. కాలనీ అంతా నవ్వుకుంది. కొన్నాళ్లకి పక్కింటి పిన్ని కొడుకుని చంకనేసుకుని వచ్చింది. రెండో చంకలో దిండు ఉంది. మామ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, శుభ్రంగా ఉందని నిర్ధారించుకున్నాకే సీసా మూత తీసింది. పిన్ని సిగ్గుగా నవ్వింది.

ఇప్పుడు నేను అదే ఊళ్లో, అర్పా నదికి ఇవతల ఉన్న సర్కండాలో కుండీల్లో వెల్లుల్లి వేస్తున్నాను. జడ అల్లేంత పండదు. మనవరాలు చెవి పట్టుకుని వస్తే మాత్రం నా చెయ్యి ముందు దాని దిండు మీదికే పోతుంది. నానమ్మకి ఏదో పిచ్చి అని అది హిందీలో వెక్కిరిస్తుంది. వెక్కిరించనీ. అర్పా అవతల నుంచి రైలు కూత వినిపించినప్పుడల్లా, ఆ రోజు మామ్మ నూనె పొయ్యని చెవే నాకు దాన్ని వినిపిస్తుంది.