జీపు టాపుకి తుమ్మచెక్క రంగు

జీపు వెనకాల పిల్లులు ఊరేగింపుగా రావడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఆ జీపు నాదే. పైసా ఖర్చు లేకుండా ఆ ఊరేగింపు ఏర్పాటు చేసిందీ నేనే.

డెబ్బైల నాటి మాట. వన్ టౌన్‌లో మాది తాళ్లు, వలల నూలు అమ్మే కొట్టు. మాటల కంటే ముందు బేరం వచ్చిన వంశం మాది. డాక్టరు మూడు పూటల మందు రాస్తే, మా నాన్న రెండు పూటలకి ఒప్పించి వచ్చేవాడు. ఆ రక్తంతోనే నేనొక పాత మిలిటరీ జీపు కొన్నాను. ఇంజను భేషుగ్గా ఉంది. గుడ్డ టాపు మాత్రం ఎండకి ఎండి, వానకి నాని, ఉతికిన గోనెసంచిలా వెలిసిపోయింది.

అప్పుడు పోర్టులో ఏవో కొత్త పనులు జరుగుతున్నాయి. ఒక కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరుగారికి ఏడాది పొడుగునా అద్దెకి జీపు కావాలి. "సోమవారం తీసుకురండి. ఎక్కి చూస్తాను, నచ్చితే ఖాయం" అన్నారు. నచ్చితే నేను జీపు ఓనర్ని. నచ్చకపోతే బండి అమ్మేసి, మళ్లీ కొట్లో తక్కెడ పట్టుకోవాలని నాన్న షరతు.

టాపుకి రంగేయిద్దామని కంచరపాలెంలో టాపులు కుట్టే అతని దగ్గరికి పోయాను.

"దీనికి రంగేటి బావా! కొత్తది కుట్టించీ" అని ధర చెప్పాడు. నేను నవ్వాను. అతనూ నవ్వాడు. ధర మాత్రం దిగలేదు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. మా కొట్లో నూలు కొనే ఎర్రయ్య తాత, కొత్త వలల్ని తుమ్మచెక్క కషాయంలో ముంచుతాడు. వల ముదురు ఎరుపుకి తిరుగుతుంది, ఉప్పునీళ్లలో నానినా కుళ్లదు. సముద్రానికే లొంగని రంగు వానకి లొంగుతుందా? బండి తీసుకుని నేరుగా జాలారిపేట ఒడ్డుకి పోయాను.

అక్కడ రెండు గంగాళాలున్నాయి. ఒకదాంట్లో కొత్త కషాయం మరుగుతోంది. రెండోదాంట్లో పాతది చల్లారుతోంది.

"ఏటి బాబూ, పడవ తెరసాపా?" అన్నాడు ఎర్రయ్య, నా చేతిలో మడత చూసి.

"జీపు టాపు తాతా. రంగు కావాలి."

"నూలుదేనా?"

"నూలుదే."

ఎర్రయ్య ఏదో చెప్పబోయాడు. ఎదుటివాణ్ణి ధర చెప్పనిస్తే ఇంక బేరమేముంది? టక్కున అడ్డుపడ్డాను. "కొత్త కషాయం జోలికి పోకు. ఆ పాతది ఎలాగూ పారబోస్తావు కదా? అందులో ఊరికే ముంచెయ్యి."

"ఇందులోనా? పేటలోని పాత వలలన్నీ ఇందులోనే మునిగినాయి బాబూ!"

"మునగనీ. రంగుందా, లేదా?"

"రంగుంది గానీ, రంగుతోపాటు..."

"రంగుంది కదా. మాట మార్చకు మరి."

"నాను మార్సడం లేదు బాబూ, సెప్తన్నాను..."

"తాతా!"

ఎర్రయ్య నన్నోసారి, గంగాళాన్నోసారి చూసి, ముంచేశాడు.

రంగు దివ్యంగా పట్టింది. ఒడ్డునే ఆరేశాం. అక్కడ గాలంతా ఎండుచేపల వాసనే కాబట్టి, టాపు వాసన విడిగా తెలియలేదు. సోమవారం పొద్దున్న అక్కడే బిగించి, అటునుంచి అటే ఇంజనీరుగారి దగ్గరికి పోయాను.

ఆయన నుదుట నిలువు నామం చూసినప్పుడైనా నాకు అనుమానం రావద్దూ? రాలేదు.

"టాపు బాగుందయ్యా" అంటూ ఎక్కారు. సగం ఖాయమైపోయిందనుకున్నాను. కొంతదూరం పోయేసరికి రైలు గేటు పడింది. నెత్తి మాడే ఎండ. టాపు వేడెక్కింది.

"ఏదైనా చచ్చిందా?" అన్నారాయన ముక్కు మూసుకుని.

"సముద్రపు గాలి సార్."

"సముద్రం అటుంది. ఇది పైనుంచి వస్తోంది."

టాపు మీద దబ్బున ఏదో వాలింది. కాకి. దాని వెనక చుట్టాలు. ఎక్కణ్ణుంచో వచ్చిన పిల్లుల్లో ఒకటి బానెట్టెక్కి, అద్దంలోంచి మమ్మల్ని ఆశగా చూసింది. గేటు దగ్గర గంప దించుకున్న చేపలావిడ నవ్వు ఆపుకోలేక, "నా సేపలు పొద్దుటివి బాబూ. నీయి ఎప్పటివేటి?" అంది.

బేరగాడు ఆపదలో ఏం చేస్తాడు? బేరమే చేస్తాడు.

"అద్దె తగ్గిస్తాను సార్."

"ఎంతకి?"

"సగానికి!"

"ఇంకా తగ్గించండి."

"పావుకి!"

"ఇంకా."

"ఇంకా అంటే... ఊరికే అవుతుంది సార్."

"ఊరికే అయినా వద్దు" అని దిగి, గేటు కింద నుంచి దూరి, పంచె ఎగ్గట్టి నడిచిపోయారు. అంత ఖరాఖండీ బేరగాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

పిల్లుల్ని వెంటేసుకుని ఎర్రయ్య మీదికి పోయాను. "వాసనొస్తుందని ఒక్క ముక్క చెప్పలేకపోయావా తాతా?"

"నువ్వు సెప్పనిచ్చావేటి? మా అయ్య కాలం నుంచీ మీ కొట్లో నూలే కొంతన్నాం. మా సావుకారి కొడుకువి కదాని, కొత్త కషాయంలో ముందర నీదే ముంచి ఇద్దామనుకున్నాను."

అలవాటుకొద్దీ అడిగాను. "ఎంతకి?"

"నీ దగ్గర డబ్బులు తీసుకుంతానేటి బాబూ? ఊరికేనే!"

ఆ రోజు సముద్రం వైపు తిరిగి, చెయ్యి చాచి ప్రమాణం చేశాను. ఎదుటి మనిషి నోరు తెరిచి ఏదైనా చెప్పబోతుంటే, అది పూర్తయ్యేదాకా ఈ జన్మలో బేరం మొదలుపెట్టను. మర్నాటి నుంచి ఆ ప్రమాణాన్ని తక్కెడ వెనక కూర్చుని పాటించాను.