మధ్యగీత దగ్గర నేనాడిన అబద్ధం

ఒక అబద్ధాన్ని కొన్నేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

సూరత్‌లో పత్రికలో పనిచేస్తూ, సెలవు రోజుల్లో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్లేవాణ్ణి. అక్కడి అమ్రోలి పేటలో మన నేతవాళ్ల ఆడపిల్లలకు నియమాలు నేర్పింది నేనే. బంతిని మధ్యగీత దాటించి ముందు సగంలోకి తెచ్చాక, మళ్లీ వెనక సగంలోకి తీసుకెళ్లకూడదు. అయితే దాన్ని చివరగా తాకింది ఎదుటి జట్టయితే, వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు. వాళ్లలో అనిత ఈ మెలికను అందరికంటే ముందు పట్టుకుంది.

కరోనా రెండో ఏడు. మగ్గాలు ఆగి, అనిత నాన్న ఊరికి మూటలు కట్టేశాడు. నేను రిఫరీగా ఉన్న ఒక పోటీ ఫైనల్లో, గెలిచిన జట్టులో ఇద్దరికి కాలేజీ సీటు, హాస్టలు ఉచితమన్నారు. ఆమె చదువు సాగాలంటే అదొక్కటే దారి.

ఆట మొదలవకముందు నిర్వాహకుడొకాయన నవ్వుతూ అన్నాడు: "ఆజ్ తో రిఫరీ భీ తెలుగు, టీమ్ భీ తెలుగు." ఇవాళ రిఫరీ కూడా తెలుగే, జట్టూ తెలుగే అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చివరి నిమిషం. మన పిల్లలు ఒక్క పాయింటు వెనకబడ్డారు. అనిత ఇచ్చిన పాస్‌కు ఎదుటి అమ్మాయి వేళ్లు తగిలి, బంతి మధ్యగీత దాటి వెనక్కి దొర్లింది. అనితే పరుగెత్తి అందుకుంది. మాస్కు తీయక్కర్లేకుండా, బటన్ నొక్కితే మోగే ఈల నా చేతిలో ఉంది. నొక్కాను. తప్పు అనితదేనని బంతి ఎదుటి జట్టుకిచ్చాను.

"సార్, ఆమె చెయ్యి తగిలింది గద. గట్ల తగిలితే ఎన్కకు పోయి తెచ్చుకోవచ్చని మీరే చెప్పిన్రు," అంది అనిత.

"హిందీ మే బోలో. హాథ్ నహీ లగా," అన్నాను. హిందీలో మాట్లాడమని, చెయ్యి తగల్లేదని.

ఆమెకు నాకంటే మంచి హిందీ వచ్చు. అయినా "ఉండనియ్యుండ్రి సార్," అని తెలుగులోనే అని, వెళ్లి తన చోట నిలబడింది.

ఓడిపోయారు. మర్నాటి వార్త కూడా నేనే రాశాను: అనిత పొరపాటు వల్ల జట్టు ఓడిందని.

భయమా అది? మనవాళ్ల పక్షం వహించాడని నలుగురూ అంటారన్న బెరుకు, ఏ పక్షమూ లేనివాడిగా కనిపించాలన్న ఆశ, ఒక పిల్ల చదువుకంటే నాకు ఎక్కువయ్యాయా? అయ్యాయి. ఆ వారమే అనిత వాళ్లు సూరత్ వదిలి ఊరికి వెళ్లారు. ఇప్పుడు బీడీలు చుడుతోందని విన్నాను. నంబరు దొరికింది. ఫోన్ చేయలేదు.

అనిత పొరపాటు చేయలేదు. తెలిసే తప్పుడు తీర్పు ఇచ్చాను. పత్రికలో ఆ రోజు నేను రాయాల్సింది ఇది. ఇప్పుడు రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.