జాలీలో చిక్కిన జుట్టు

ఆ అంతస్తులో పన్నెండు మంది అమ్మాయిలకి రెండే బాత్రూములు. హాస్టలు కట్టినవాడికి ఆడపిల్లలు లేరేమో, ఉంటే ఈ లెక్క వేసేవాడు కాదు. పొద్దున్నే భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టెతో వరండా పొడుగునా నిలబడిన ఆ వరుసని చూస్తే, వీళ్ళంతా యూనివర్సిటీకి చదువుకోడానికి కాక స్నానాలకే వచ్చారనిపించేది. లోపలున్న పిల్ల పాట అందుకుందంటే చాలు, బయటివాళ్ళు తలుపు బాదేవారు. "కచేరీ తర్వాత పెట్టుకుందువుగాని, ముందు బయటికి రావే తల్లీ!"

ఆ వరుసలో ఎప్పుడూ కనబడని అమ్మాయి ఒకతె ఉండేది. అందరూ ఆమెని పెద్దజడ అని పిలిచేవారు. నడుము దాటిన నల్లటి జడ, పాయ చెదరకుండా ఎప్పుడు చూసినా ఒకేలా ఉండేది. రసాయనశాస్త్రం చదువుతోంది కాబట్టి పొద్దున్నే ల్యాబుకి వెళ్ళాలని చెప్పి, మధ్యాహ్నం అంతస్తు ఖాళీగా ఉన్నప్పుడు స్నానం చేసేది. తలకి తువ్వాలు చుట్టుకుని వెళ్ళేది, చుట్టుకునే వచ్చేది. తలస్నానం చేసినవాళ్ళూ అలాగే వస్తారు కనక ఎవరికీ వింతగా తోచలేదు.

అసలు సంగతేమిటంటే ఆ జడ విగ్గు. పద్నాలుగో ఏట ఆమె జుట్టు దిండు మీదకి పాయలు పాయలుగా వచ్చేసింది. డాక్టర్లు ఏదో పేరు చెప్పారు, మందులు రాశారు, చివరికి చేతులెత్తేశారు. తలమీద ఒక్క వెంట్రుక మిగల్లేదు. కనుబొమ్మలు మాత్రం దయతలచి ఉండిపోయాయి.

మేనమామకి నాటకాలవాళ్ళకి వేషాలు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. తల్లి అక్కడే బట్టలు కుట్టేది. రాజుల గడ్డాలు, ముసలమ్మల ముగ్గుబుట్ట తలలు, రాక్షసుల జూలు అన్నీ ఆయన చేతిలో తయారయ్యేవి. "రాక్షసులకి కుట్టిపెట్టినవాణ్ణి, నా మేనకోడలికి కుట్టలేనా?" అని ఆయన సన్నటి వల మీద ఒక్కొక్క వెంట్రుకా ముడేసి ఆ జడ తయారుచేశాడు. దాంతోపాటు ఓ ఉపాయమూ చెప్పాడు.

"జుట్టున్నవాళ్ళని గమనించావా తల్లీ? పొద్దస్తమానం దాన్ని తిడుతూనే ఉంటారు. రాలిపోతోందంటారు, చిట్లిపోతోందంటారు. నువ్వూ తిట్టు. ఎవరికీ అనుమానం రాదు."

ఆమె ఆ పాఠం ఎంత శ్రద్ధగా నేర్చుకుందంటే, హాస్టల్లో జుట్టు మీద విసుక్కోవడంలో ఆమె తర్వాతే ఎవరైనా. "దువ్వెన పెడితే చాలే, గుప్పెడు ఊడొస్తోంది," అని నిట్టూర్చేది. అవతలివాళ్ళు, "నీకేమే, జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది," అని అసూయపడేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి లోపల నవ్వూ వచ్చేది, కొంచెం ఏడుపూ వచ్చేది.

ఆ నిజం తెలిసిన మనిషి ఆ అంతస్తు మొత్తానికి ఒక్కతే. పక్కగది అమ్మాయి. ఎక్కడున్నా ముందు నవ్వు వినబడి తర్వాత మనిషి కనబడేది కాబట్టి ఆమెకి కిలకిల అని పేరు. ఆమెకీ పొడవాటి నల్లజుట్టే, కాకపోతే సొంతది. ఒక మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి వచ్చి బాత్రూము తలుపు తోసింది. చివరి బాత్రూము గడియ వదులు. తోస్తే ఊడిపోయింది. లోపల పెద్దజడ, జడ లేకుండా.

ఇంకెవరైనా అయితే కెవ్వుమనేవారు. కిలకిల అరవలేదు. లోపలికొచ్చి, తలుపుకి తన వీపు ఆనించి నిలబడి, "తొందరేం లేదు, కానియ్యి. నేనున్నాగా," అంది. ఆ 'నేనున్నాగా' అన్న మాటకి పెద్దజడ కడుపులో ఎన్నేళ్ళ భయమో కరిగిపోయింది. ఆ రోజు గదిలో ఇద్దరూ మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చారు. ఎవరు ఎవర్ని ఓదార్చారో చెప్పడం కష్టం.

అప్పట్నుంచి కిలకిలే కాపలా. ఎవరైనా అటు వస్తే, "లోపల మనిషుందీ!" అని కేకేసేది. సెలవురోజుల్లో పెద్దజడ తన గదిలో బకెట్టులో విగ్గు ఉతికితే, కిలకిల దాన్ని ఒళ్ళో పెట్టుకుని చిక్కులు తీసేది. "దీని మొహం, నా జుట్టు కంటే ఇదే బావుందే," అని దిష్టి పెట్టేది. బదులుగా పెద్దజడ ఆమెకి పాఠాలు చెప్పేది, జ్వరమొస్తే కాచుకుని కూర్చునేది. తోడబుట్టినవాళ్ళు లేని పెద్దజడకి ఒక్కసారిగా అక్కో చెల్లెలో దొరికినట్టయింది.

ఇక ఆ అంతస్తు ఆచారం ఒకటి చెప్పాలి. బాత్రూములో నీళ్ళు పోయే జాలీలో జుట్టు అడ్డుపడితే జుట్టు పంచాయితీ జరిగేది. అడ్డుపడిన ఉండని చీపురుపుల్లతో లాగి, కాగితం మీద పరిచి, పొడుగూ రంగూ చూసి ఎవరిదో తేల్చేవారు. దొంగ ఎవరైతే వారం రోజులు రెండు బాత్రూములూ వాళ్ళే కడగాలి. న్యాయశాస్త్రం చదివే అమ్మాయి తీర్పరి. ఆమెకి జడ్జి అని పేరు, ఆమె మాటకి తిరుగులేదు. ఉంగరాల జుట్టుదీ, పొట్టిజుట్టుదీ ఇట్టే పట్టుబడేవి. నల్లగా పొడుగ్గా వస్తేనే చిక్కు. అలాంటివి ఆ అంతస్తులో రెండే తలలు.

మొదటిసారి అలాంటి ఉండ బయటపడ్డప్పుడు జడ్జి వాళ్ళిద్దరినీ నిలబెట్టి అడిగింది. కిలకిల నవ్వుతూ నేలచూపులు చూసింది. అప్పుడు పెద్దజడ, "నాదేనే, రాలిపోతోందని చెబుతూనే ఉన్నాగా," అని ఒప్పేసుకుంది. ఎందుకంటే చెప్పలేం. కాపలా కాసేదానికి ఈమాత్రం చెయ్యలేనా అన్న కృతజ్ఞత కొంత. అంతకంటే ఎక్కువగా, నీ జుట్టు జాలీకి అడ్డుపడిందని ఒకరు తనని నిందించడం! పిచ్చిపిల్ల, ఆ వారమంతా బాత్రూములు కడుగుతూ సంబరపడింది. జుట్టున్నవాళ్ళ కష్టం ఇన్నేళ్ళకి తనకీ దక్కిందని. తర్వాత ఇంకో రెండుసార్లు కూడా అలాగే నెత్తినేసుకుంది. కిలకిల ప్రతిసారీ, "నువ్వు దేవతవే," అని మెడ వాటేసుకునేది.

ఆఖరి ఏడాది, పరీక్షలు దగ్గరికొచ్చిన రోజుల్లో ఆ పెద్ద ముంపు వచ్చింది. చివరి బాత్రూములో ఎవరో కుళాయి సరిగా కట్టకుండా క్లాసుకి పరిగెత్తారు. జాలీ మూసుకుపోయి ఉంది. నీళ్ళు గడప దాటి ఎదురుగా ఉన్న జడ్జి గదిలోకి నడిచాయి. నేలమీద పేర్చుకున్న ఆమె పుస్తకాలూ, ఏడాదంతా రాసుకున్న నోట్సూ ముద్దయిపోయాయి. కంప్యూటరు పోయింది. సాయంత్రం జాలీ ఎత్తి చూస్తే మణికట్టంత లావు ఉండ. నల్లగా, పొడుగ్గా.

ఈసారి పంచాయితీకి వార్డెను వచ్చింది. "వారం కడగడాలు, గిడగడాలు కాదు. ఎవరిదైతే వాళ్ళు రేపే వెనక పాత భవనానికి మారాలి," అంది.

అందరికీ గుండె జారింది. పాత భవనంలో స్నానాల గది అంటే ఒక పొడుగాటి హాలు. గోడవారగా వరసగా కుళాయిలు, మధ్యలో అడ్డం లేదు, తలుపు లేదు. పాతికమంది ఒకేసారి చేయాలి. పెద్దజడ మాత్రం పెద్దగా భయపడలేదు. ఆ ఉండ తనది కాదు. అది తెలిసిన మనిషి పక్కనే ఉంది. తను నోరు విప్పక్కర్లేదు, ఈ ఒక్కసారికి కిలకిల తనది తను ఒప్పుకుంటుంది. నీళ్ళతో వచ్చిన నష్టానికి తనూ చెయ్యి కలిపి జడ్జి నోట్సంతా తిరగరాసిద్దామని కూడా అప్పుడే అనుకుంది.

"ఎవరిదమ్మా ఇది?" అంది వార్డెను.

కిలకిల నవ్వలేదు. గోడకేసి చూస్తూ, "పోయినసారీ దానిదే కద మేడమ్. అంతకుముందూ దానిదే. రోజూ గుప్పెడు ఊడుతోందని అదే అంటుంది, ఎవర్నైనా అడగండి," అంది.

పెద్దజడకి ముందు అర్థం కాలేదు. వేళాకోళమేమో, వెంటనే నవ్వేస్తుందేమో అని చూసింది. కిలకిల ఆమెకేసి చూడలేదు. అప్పుడు అర్థమైంది. పొరపాటున నోరు జారిన మాట కాదది. దీనికి విగ్గు సంగతి తెలుసు. తెలుసు కాబట్టే, తను ఛస్తే బయటపెట్టదని తెలుసు. ఆ పాత భవనంలో తలుపులు లేవనీ తెలుసు. అన్నీ తెలిసే అంది. ఒళ్ళో పెట్టుకుని చిక్కులు తీసిన చేతులతోనే గొంతు కోసింది.

"అవును మేడమ్, మాక్కూడా చెప్పింది రాలిపోతోందని," అని ఇంకెవరో వత్తాసు పలికారు. జడ్జి తడిసిన కాగితాలు గుండెకి అదుముకుని, "మూడుసార్లు ఒప్పుకుంది కూడా," అంది. ఆ గొంతులో ఇంక స్నేహం లేదు.

పెద్దజడకి మావయ్య గుర్తొచ్చాడు, అమ్మ గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని మోసిన రహస్యం ఎలాగూ పోతుంది. ఇక్కడ కాకపోతే రేపు ఆ కుళాయిల దగ్గర, పాతికమంది ముందు, దొంగ అన్న పేరుతో సహా. అంతకంటే ఇదే నయం. చెవుల వెనక పిన్నులు తీసింది. విగ్గు ఎత్తి, జాలీ ఉండ పక్కనే కాగితం మీద పెట్టింది.

"నాకు పద్నాలుగో ఏడు నుంచీ జుట్టు లేదు," అంది. "ఇది నా గదిలో పెట్టి స్నానానికొస్తాను. దీన్ని ఉతికేది కూడా గదిలోనే. ఆ జాలీలోకి నా తల నుంచి రాలడానికేమీ లేదు."

వరండాలో నిలబడ్డ ఒకమ్మాయి తన జుట్టు తనే పట్టుకుంది.

ముందుగా కదిలింది కిలకిల. "అయ్యో!" అని కేకేసి వచ్చి పెద్దజడని వాటేసుకుంది. బావురుమని ఏడ్చింది. "ఇన్నాళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉన్నాం కదే! నాక్కూడా చెప్పలేదా? నన్ను అంత పరాయిదాన్ని చేశావా? తెలిస్తే ఆ మాట అనేదాన్నా నేను!"

ఆ ఏడుపు చూసి అందరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇద్దరు ముగ్గురు వచ్చి భుజాలు నిమిరారు. నిమిరింది కిలకిల భుజాలు. "ఊరుకో, నీ తప్పేముంది, నీకేం తెలుసు," అన్నారు.

పెద్దజడ ఆ చేతులు విడిపించుకుంది. "దీనికి తెలుసు," అంది. "రెండేళ్ళుగా తెలుసు. నేను స్నానం చేస్తుంటే తలుపు దగ్గర కాపలా ఉండేది ఇదే."

జడ్జి దగ్గరికొచ్చి, చిన్నపిల్లకి నచ్చజెప్పే గొంతుతో అంది. "చూడు, నీ బాధ మాకర్థమవుతోంది. కానీ మూడేళ్ళు మా అందరితో రాలిపోతోంది రాలిపోతోందని అబద్ధమాడావు. నీది కాని జుట్టుని నాదే అని మూడుసార్లు ఒప్పుకున్నావు. ఇప్పుడు దీని మీదికి తోస్తే ఎలా నమ్మమంటావే?"

జడ్జి చెప్పిన ప్రతి మాటా నిజమే.

వార్డెను ఇబ్బందిగా గొంతు సవరించుకుంది. "సరే సరే, జరిగిందేదో జరిగింది. ఎవరూ ఎక్కడికీ మారక్కర్లేదు. అమ్మా, నువ్వది తలకి పెట్టుకో," అంది. మరి ఆ ఉండ ఎవరిదని ఆవిడ అడగలేదు, జడ్జి అడగలేదు. అన్ని జుట్లూ వెదికి ఇంక మిగిలింది ఒక్క తలే కదా, ఆ మాత్రం లెక్క చిన్నపిల్లకైనా వస్తుంది. ఏడుస్తున్న పిల్లని ఆ లెక్క అడగడానికి ఎవరికీ మనసు రాలేదు.

"మేడమ్, నన్ను మాత్రం పాత భవనానికి పంపించండి," అంది పెద్దజడ.

"నీకు శిక్ష లేదన్నాను కదమ్మా."

"తెలుసు. పంపించండి."

"అక్కడ తలుపులుండవే!" అంది జడ్జి, తెలియనిదానికి చెబుతున్నట్టు.

మర్నాడు పొద్దున్నే ఆమె సామాను సర్దుకుంది. రెండు పెట్టెలు, ఒక పరుపు. స్నానాల వరుస అప్పటికే వరండా పొడుగునా నిలబడి ఉంది. అందరూ గోడకి అతుక్కుని దారిచ్చారు. వరుసలోంచి కిలకిల ముందుకొచ్చి, కళ్ళు ఎర్రగా, "నేను పట్టుకుంటానే," అని పెట్టె మీద చెయ్యేసింది. "నా సామాను ముట్టుకోకు," అంది పెద్దజడ. ఎంత కసిరినట్టు అందంటే, ఆ మాట వరండా చివరిదాకా వినబడింది. రాత్రంతా రాని ఏడుపు ఆ మాటతో ముంచుకొచ్చింది. ఒకరికి కనబడకూడదని గబగబా మెట్లు దిగింది.

వెనక ఎవరో అన్నారు. "అబ్బో, జుట్టు లేకపోయినా పొగరుకేం తక్కువ లేదు. పాపం, అది అంత ప్రేమగా వస్తే!"

కిలకిల ఆ పక్కనే ఉంది. కాదని ఒక్క మాట అనలేదు.