నీళ్లొచ్చింటాయిలే

నేను ఆదోని పిల్లను. పెళ్లయ్యేదాకా ఉత్సవం అంటే నాకు తెలిసింది ఒకటే. కొత్త చీర కట్టుకుని వెళ్లడం, వరసలో కూర్చోవడం, పెట్టింది తిని చెయ్యి కడుక్కుని ఇంటికి రావడం. ఆ ఆకు ఎవరు వేశారు, ఆ అన్నం ఎవరు వండారు అని ఒక్కనాడైనా అనుకున్న పాపాన పోలేదు. అందుకే కాబోలు, దేవుడు నన్ను తెచ్చి ఎమ్మిగనూరులో సరిగ్గా వండేవాళ్లింట్లో పడేశాడు.

మా అత్తగారిది మగ్గాల వీధి. పేరుకే మగ్గాల వీధి. మా ఇంట్లో మగ్గం గుంత ఎప్పుడో పూడ్చేసి దాని మీద బీరువా పెట్టారు. మామకు బట్టల అంగడి ఉంది, మా ఆయన కూడా అందులోనే కూర్చుంటాడు. మగ్గాలు పోయినా వీధి అమ్మవారికి ఏడాదికోసారి చేసే ఉత్సవం మాత్రం పోలేదు. మొదటిరోజు మధ్యాహ్నం వీధి మొత్తానికి ఓళిగల భోజనం పెడతారు. బొబ్బట్లను మా వైపు ఓళిగలంటాం. ఆ ఓళిగలు చేసే సేవ మా ఇంటిది. మామ తండ్రి కాలం నుంచీ మాదే. దానికి వంటమనుషుల్ని పెట్టకూడదు, డబ్బిచ్చి చేయించకూడదు. ఇంట్లోవాళ్లమే శనగబేళ్లు ఉడకేసి, బెల్లం దంచి, పూర్ణం రుబ్బి, తట్టి, కాల్చి, వడ్డించాలి. నేను బడిలో పంతులమ్మను. మా హెడ్మాస్టరుకు ప్రతి ఏడూ ఒకే కారణం చెప్పి సెలవు అడగాలంటే సిగ్గేస్తుంది. ఆయన నవ్వుతాడు కూడా.

పని ఎక్కువని నేనెప్పుడూ బాధపడలేదు. నాకు ఊపిరాడనిది కంకణం.

మొదటిరోజు తెల్లవారగానే మామ ఇంట్లో ఒక్కొక్కరి చేతికీ పసుపుకొమ్ము కట్టిన దారం కడతాడు. పొయ్యి దగ్గరికి ముందు పోవాల్సింది కోడలు కాబట్టి నాకే ముందు, తర్వాత కొడుకుకు, అత్తకు. మర్నాడు ఊరేగింపు అయ్యాక మళ్లీ ఆయనే విప్పాలి. అది చేతికున్నంతసేపు ఊరి పొలిమేర దాటకూడదు. కట్టిన చెయ్యి తప్ప ఇంకొకరు విప్పకూడదు. అన్నిటికన్నా పెద్దది, మైల తగలకూడదు. కన్నవాళ్లో తోడబుట్టినవాళ్లో పోయారన్న మాట కంకణం కట్టుకున్న మనిషి చెవిన పడితే ఆ ఇంటి సేవ అంతటితో ఆగిపోవాలి, వండిందంతా పారబోయాలి. చెవిన పడితేనే సుమా. పడకపోతే మైల లేదు. ఈ లెక్క ఎవరు కనిపెట్టారో గానీ, ఆ చెవిన పడకుండా చూసే బాధ్యత ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించి ఉండరు.

మా అత్తకు ఒక అక్క ఉండేది, కౌతాళంలో. తల్లి చిన్నప్పుడే పోతే అత్తను ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఇద్దరూ పొద్దున్నే ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లంటే, నీళ్లు. మాకు కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో వదిలేవాడికి కూడా తెలియదు.

"నీళ్లొచ్చినాయామ్మే మీకు?" అని అక్క.

"యాడొచ్చినాయక్కా. మీకేం, కాలవ పక్కనుండారు" అని చెల్లెలు.

రోజూ ఇదే. ఫోను స్పీకర్లో పెట్టి, కూరగాయలు తరుగుతూ, ఇద్దరూ నీళ్లను, నీళ్లు వదిలేవాణ్ణి కలిపి తిట్టుకునేవాళ్లు. శ్రావణమాసంలో ఉరుకుంద గుడికి మాత్రం ఇద్దరూ కలిసి పోయేవాళ్లు. ఇంక ఉత్సవంలో కంకణం విప్పిన రోజు, అత్త ఒక డబ్బా నిండా ఓళిగలు పెట్టుకుని కౌతాళం బస్సెక్కేది. మొదట కాల్చిన వాయి అక్కదే. దాని మీద ఎవరు చెయ్యి వేసినా ఊరుకునేది కాదు, చివరికి కన్నకొడుకైనా సరే.

పోయిన ఏడాది ఉత్సవం నాడు కూడా మొదటి వాయి తీసి పక్కన పెట్టింది. చేతులు పిండిలో ఉంటాయని తన ఫోను నా నడుముకు దోపింది. ఉగ్గాని తిని అత్త చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయినప్పుడు ఫోను మోగింది. కౌతాళం పెద్దమ్మ కొడుకు. నేను ఫోను పట్టుకుని కట్టెలు పేర్చిన గోడ వైపు వెళ్లాను.

"వదినా, అమ్మ పాయ" అన్నాడు. "రాత్రి పండుకునింది పండుకున్నట్లే పాయ. సాయంత్రానికి మట్టి చేస్తాం. సిన్నమ్మను బిన్నా పిల్చకరాండి."

నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. నేరుగా మామ దగ్గరికి పోయి చెప్పాను. ఆయన బెల్లం దిమ్మెలు కొడుతున్నవాడు అట్లాగే కూలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాను. రాయి మనిషేం కాదు. వదినంటే ఆయనకు కూడా అభిమానమే. కానీ కాసేపటికి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "మీ అత్తకు సెప్పొద్దమ్మా" అన్నాడు.

"ఎందుకు మామా?"

"సెప్తే మైల. సేసిందంతా పారబోయాల. వీధి వీధంతా ఆకులేసుకోని కూచుంటాది. రేపు కంకణం ఇప్పినాక నేనే తీసకపోతా."

"రేపు పోతే ఏముంటాది మామా ఆడ సూసేకి?"

"గట్టిగా మాట్లాడొద్దు" అని అత్త ఫోను ఆపేసి నా చేతిలో పెట్టాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన వైపు తిరిగాను. ఆయన ఆకుల కట్ట విప్పుతూ, "నాయన సెప్పినట్ల ఇను" అన్నాడు. మా ఆయనకు ఈ ఒక్క వాక్యం బాగా వచ్చు.

వాళ్లిద్దరూ తలా ఒక పనికి పోయారు. నేను పోయి అత్త ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ పూర్ణం ఉండలు చేసి ఇస్తే నేను తట్టాలి. మధ్యలో పొయ్యి, వెనక గోడ, చేతికి దారం. దారమెంత, లాగితే తెగుతుంది. కానీ ఆ ఇంట్లో తెంపిన మనిషి లేదు. నాకు లేచి పరిగెత్తాలనిపించింది, ఎక్కడికో తెలియదు. ఇంట్లో నిజం తెలిసినవాళ్లం ముగ్గురం, ఆవిడ ముఖం చూస్తూ కూర్చోవాల్సింది నేనొక్కదాన్ని.

"అక్క ఫోన్ చేసినాదా?" అంది.

"లేదత్తా."

"నీళ్లొచ్చింటాయిలే" అంది. "నీళ్లొస్తే ఆయమ్మకు నేను గుర్తుంటానా."

నవ్వింది కూడా. నా చేతిలో ఓళిగ చిరిగిపోయింది. పొగ పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చిరిగాయో. "ఏమ్మే, ఈపొద్దు నీకు సెయ్యి తిరగలే" అని ఆవిడే నా చేతిలోది తీసుకుని సరిచేసి పెనం మీద వేసింది. నాకు ఆ దయ భరించరానిదిగా ఉండింది.

ఎండ ముదిరింది. ఇప్పుడు బయల్దేరితే అందుకుంటాం, ఇంకాసేపైతే అందుకోలేం అని లోపల ఒకటే గోల. ఎమ్మిగనూరుకు కౌతాళం ఏమంత దూరం? ఆటో పిలిస్తే వస్తుంది. వీధిలో ఆకులు వేస్తున్న చప్పుడు వినిపించగానే ఇంక ఆగలేకపోయాను. గిన్నెలు కడుగుదాం రమ్మని అత్తను పెరట్లో నీళ్ల డ్రమ్ముల దగ్గరికి తీసుకుపోయి, చెయ్యి పట్టుకుని చెప్పేశాను. పెద్దమ్మ పోయింది అత్తా, సాయంత్రానికి మట్టి చేస్తారంట, లెయ్యి, ఆటో పిలుస్తా, నేనూ వస్తా అని.

ఆవిడ ఏడవలేదు. డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడింది.

"ఎవురెవురికి తెలుసు?"

"మామకు, నీ కొడుక్కు, నాకు."

"ఆకులేసినారా?"

"ఏస్తాండారు."

తర్వాత చాలా మెల్లగా అంది. "పొద్దున ఫోన్ రాకపోతేనే నాకు అనుమానం తగిలె. నీళ్లొచ్చింటాయిలే అని సెప్పుకుంటి. ఇప్పటిదాకా అట్లే సెప్పుకుంటాంటి. సాయంత్రం దాకా గూడా సెప్పుకునేదాన్ని పిల్లా. తెలిసింటే పోయేదాన్ని, తెలీక పోలేదు అని రేపు ఏడ్సుకునేదాన్ని. నువ్వు సెప్తివి. ఇప్పుడు తెలిసీ పోనిదాన్నయితి."

"పోదాం రా అత్తా. పారబోస్తే పారబోయనీ."

ఆవిడ నా వైపు కాదు, వీధి వైపు చూసింది. అక్కడ పిల్లలు అప్పటికే ఆకుల ముందు కూర్చుని నీళ్లు చల్లుకుంటున్నారు. "నువ్వేం సెప్పలే. నేనేం ఇనలే" అంది. ముఖం కడుక్కుని, కొంగు దోపుకుని, ఓళిగల బుట్ట ఎత్తుకుంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ వడ్డించినట్టు ఇంకెవరూ వడ్డించలేదు. "ఇంగొకటి ఏసుకో నాయనా, నెయ్యి పొయ్యండమ్మే ఈ పాపకు" అని ప్రతి ఆకు దగ్గరా వంగింది. నేను వెనకే నేతి గిన్నె పట్టుకుని నడిచాను. మామ దూరం నుంచి చూసి, మన రహస్యం భద్రంగా ఉందన్నట్టు నాకు తలూపాడు. ఆయన మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు మిగల్లేదు. పొద్దు వాలుతున్నప్పుడు, ఆఖరి వరసకు వడ్డిస్తూ అత్త ఒక్కసారి చేతిలోని బుట్ట దించి, కౌతాళం ఉన్న పడమటి వైపు తిరిగి నిలబడి, మళ్లీ ఎత్తుకుంది.

మర్నాడు ఊరేగింపు అయ్యాక మామ కంకణం విప్పి, గొంతు సవరించుకుని చెప్పబోయాడు. ఆయన నోరు తెరవకముందే అత్త "అక్కా" అని కేక పెట్టి కిందపడింది. పాపం, ఆయన తన ముఖం చూసే గ్రహించిందనుకున్నాడు. ఇప్పటికీ అట్లాగే అనుకుంటున్నాడు.

కౌతాళం పోయేసరికి ఇల్లంతా కడిగేసి ఉంది. పెద్దమ్మ పడుకునే చోట దీపం పెట్టారు. ఆవిడ కొడుకు కోపంతో, "నీ కోసం ఎంతసేపు పెట్టుకోని ఉంటిమి సిన్నమ్మా. మోసేవాళ్లు అరుస్తాంటే గూడా నిలిపితి" అన్నాడు.

"నాకు తెలీదురా నాయనా" అంది అత్త. "ఎవురూ సెప్పలే."

అంటూ నా వైపు చూసింది. తన ఇంటి పరువు కోసం అన్నదో, మామ కోసం అన్నదో, నా కోసమే అన్నదో. ఆ చూపుతో ఆవిడ కంకణం విప్పేసి నాకు కట్టినట్టయింది. ఇది ఆ ఇంట్లో ఇంకెవరికీ చెప్పుకోలేను. మామ మాత్రం వచ్చినవాళ్లందరికీ చెబుతాడు, ఆరోజు మాట బయటికి పొక్కకుండా సేవ ఎట్లా నడిపించామో, కోడలు ఎంత గట్టిదో. నేను కాఫీలు ఇస్తూ వింటుంటాను.

ఈ ఏడాది మళ్లీ ఉత్సవం వచ్చింది. తెల్లవారి మామ పసుపు దారాలు పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నాడు. అలవాటు ప్రకారం ముందు నేను చెయ్యి చాపాను, కట్టేశాడు. మా ఆయనకు కట్టాడు. అత్త దగ్గరికి వచ్చేసరికి ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దు. ఓళిగలు సేస్తా. ఇది మాత్రం వద్దు."

మామకు అర్థం కాలేదు. "ఎందుకొద్దు?"

"ఫోన్ వస్తే పోవాల."

"ఇంగెవురుండారు నీకు ఫోన్ సేసేకి?" అన్నాడు. ఆ మాట నోరు జారాక ఆయనే తల దించుకున్నాడు.

"నాకు లేరు" అంది అత్త. "దానికి ఆదోనిలో అమ్మ ఉండాది, సెల్లెలు ఉండాది. దానిది ఇప్పు."

"కట్టినాక యాడ ఇప్పేది? రేపటిదాకా ఇప్పకూడదు."

ఆవిడ ముందే ఈ మాట అని ఉంటే అని ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది. మామ పళ్లెం తీసుకుని లేచిపోయాడు. మా ఆయన ఎప్పట్లాగే ఆకుల కట్ట దగ్గరికి పోయాడు. పొయ్యి దగ్గర మేమిద్దరమే మిగిలాం. పిండి ముద్ద తీసి నా ముందు పెట్టి అత్త చెయ్యి చాపింది.

"నీ ఫోన్ నా తాన పెట్టు."

ఇచ్చాను. నడుముకు దోపుకుంది.

"ఏదన్నా వస్తే ఆ నిమిసమే సెప్తా. ఆకులేసినా సెప్తా. ఇప్పేకి నీ మామ రాకపోతే కత్తిపీటతో నేనే కోస్తా" అంది.

తలూపాను. మొదటి వాయి తీసి పక్కన పెట్టబోయి, ఎవరికి పెట్టాలో తెలియక అత్త ఆగిపోయింది. నేను అందుకుని, ఏటా కౌతాళం పోయే ఆ డబ్బాలోనే సర్దాను. ఆ ఫోను మోగకూడదని ఆరోజంతా అమ్మవారికి మొక్కుకుంటూనే ఉన్నాను.