మరిలేనా ఇంటికి వచ్చిన పళ్ళేలు

ఇటలీ దక్షిణాన ఉన్న మా అల్తమూరాలో కడుపుతో ఉన్న మనిషి ముక్కుకి ఏ వంట వాసన తగిలినా, అందులో ఒక వాటా ఆమెకి వెళ్ళి తీరాలి. పంపకపోతే పుట్టే బిడ్డ ఒంటి మీద ఆ వంట ఆకారంలో మచ్చ పడుతుంది, పంపనివాళ్ళ కంటికి కురుపు లేస్తుంది. చదువుకున్నవాళ్ళు నవ్వుతూనే పంపుతారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఇక్కడ అడక్కపోయినా వీధంతా పెడుతుంది. ఆ పెట్టడమే మరిలేనా ప్రాణం మీదికి తెచ్చింది. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఈ కథ నేను చెప్పడమే న్యాయం.

నా పేరు దొనాత. బేకరీలో ముందు గదిలో కూచుని రొట్టెలు తూచి అమ్ముతాను. మరిలేనా లోపల పిండి పిసుకుతుంది. పదిహేనేళ్ళుగా ఇద్దరికీ మధ్య ఒక తెర మాత్రమే అడ్డం. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, నెమ్మదస్తురాలు, నూట ఇరవై కిలోలు ఉండేది. పెళ్ళయిన పదహారేళ్ళకీ పిల్లల్లేరు. నెలసరి ఐదారు నెలలకోసారి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మొదట్లో మందులు వాడింది, మొక్కులు మొక్కింది, తర్వాత ఆ ఊసే ఎత్తడం మానేసింది. మేమూ మానేశాం.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో పిత్తాశయంలో రాళ్ళని చెప్పి వారం రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చాక మనిషి కరగడం మొదలైంది. నెలకో గౌను వదులైపోయేది. ఊరు నోరు మూయించడం ఎవరి తరం? ఏదో పెద్ద జబ్బని కొందరన్నారు. మొగుడు సవేరియో ఎవరినో తగులుకున్నాడనీ ఆ దిగులుతో చిక్కిపోతోందనీ ఇంకొందరన్నారు. పాపం సవేరియో తన టైర్ల కొట్టూ తనూ తప్ప మరో లోకం ఎరగడు.

నిజం వాళ్ళిద్దరికే తెలుసు. కోసింది పిత్తాశయాన్ని కాదు, జీర్ణకోశాన్ని. పెద్ద సంచిని పక్కకి తప్పించి, కోడిగుడ్డంత సంచి మిగిల్చి, దాన్ని పేగుకి తగిలించారట. ఒళ్ళు తగ్గడానికి చేసే ఆపరేషన్. పద్దెనిమిది నెలలపాటు గర్భం రాకుండా చూసుకోమని డాక్టరు గట్టిగా చెప్పాడట.

దానికి సవేరియో, "పదహారేళ్ళు ఆగినోళ్ళం సార్, పద్దెనిమిది నెలలు ఆగలేమా?" అన్నాడట. ముగ్గురూ నవ్వుకున్నారట. ఒళ్ళు తగ్గితే ఆగిపోయిన నెలసరి దారిలో పడుతుందని కూడా డాక్టరు చెప్పాడు. చెప్పిన వంద జాగ్రత్తల్లో అదొకటి. గొడ్రాలినని పదహారేళ్ళు నమ్మిన మనిషికి అది చెవికెక్కలేదు.

ఎందుకు దాచిందంటే, అత్త పాస్క్వా వల్ల. పాస్క్వా చెడ్డది కాదు. ఆదివారం ఆమె బల్ల దగ్గర ఒంటిగంటకి కూచుంటే నాలుగింటికి గానీ లేవనివ్వదు, అంతే. రెండోసారి వడ్డన వద్దన్నవాళ్ళతో, "నా చేతి వంటకేం రోగమొచ్చింది?" అంటుంది. ఆమె ముందు ఇలా కడుపు కోయించుకున్నానని చెప్పడం మరిలేనా వల్ల కాలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంది. ఆదివారాల్లో సవేరియో ఇద్దరి వాటా తిని ఆయాసపడేవాడు.

చలికాలంలో ఆమెకి వాంతులు పట్టుకున్నాయి. తొందరగా తింటే ఆ చిన్న సంచి తిప్పికొడుతుందని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి, అదే అనుకుంది. ఇంకా తక్కువ తింది. ఫిబ్రవరి చివర్లో ఆపరేషన్ తర్వాతి పరీక్షలకి వెళితే రక్తం చూసి చెప్పారు. నాలుగో నెల నడుస్తోందని.

మర్నాడు తెర పక్కకి లాగి, పిండి చేతులతో అలాగే నిలబడి నాతో ఆ ఒక్క ముక్కే చెప్పింది. ఆపరేషన్ సంగతి చెప్పలేదు.

"ఎవరికీ చెప్పకు పిన్నీ, ఇంకొన్నాళ్ళు."

నేను కేక పెట్టాను. బేకరీలో ఉన్న ఆరుగురికీ వినబడింది. సాయంత్రానికి వీధి చివరిదాకా పాకింది. నా నోరు అంత మంచిది.

ఇక పళ్ళేలు మొదలయ్యాయి. సొరకాయంత వంకాయలు కూరి వండినవి, పొట్టేలు మాంసం, చీజ్ నింపిన రొట్టెలు, నూనెలో వేయించిన పిండివంటలు. పాస్క్వా రోజూ రెండుపూటలా ఇద్దరికి సరిపడా కుండలో తెచ్చేది. వద్దంటే పెట్టినవాళ్ళకి అరిష్టమాయె. మరిలేనా అందరి ముందూ రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని, మిగతాది ఇంటికి తీసుకెళ్ళేది. నాలుగోరోజుకి సవేరియో బొత్తాలు తెగాయి. "కడుపు ఎవరికి వచ్చిందిరా, నీకా దానికా?" అని కొట్టు దగ్గర కుర్రాళ్ళు ఏడిపించారు.

మార్చి పంతొమ్మిది, సెయింట్ జోసెఫ్ పండుగ. ఆ రోజు ప్రతి ఇంట్లో జేప్పొలె చేస్తాం, నూనెలో వేయించిన చుట్టల మీద గుడ్లూ పాలూ చక్కెరా కాచిన మీగడ పోసి. నేను చేసినవాటిలో అన్నిటికంటే పెద్దది మరిలేనాకి తెచ్చాను.

"తర్వాత తింటాలే పిన్నీ," అంది.

"ఇప్పుడే తిను, నేను చూడాలి. నువ్వు తినకపోతే నా కంట్లో కురుపు లేస్తుంది. ఆ మొహంతో చర్చికి ఎలా పోను?"

ఆమె నా వంక ఒక్క క్షణం చూసింది. ఆ చూపు అర్థమై ఉంటే ఎంత బాగుండేది. మొత్తం తినేసింది. పావుగంటకి ఒళ్ళంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, పిండి బస్తాల మీద కూలిపోయింది.

ఆసుపత్రిలో పాస్క్వా నాకంటే ముందే మంచం పక్కన ఉంది, చేతిలో పులుసు గిన్నెతో. "నీరసంతో పడిపోయింది. చెప్తూనే ఉన్నా, సరిగ్గా తినదని," అంటూ చెంచా నోటి దగ్గరికి తెచ్చింది. మరిలేనా ఆ చెంచాని పక్కకి నెట్టి, మొత్తం చెప్పేసింది. ఆపరేషన్ సంగతీ, ఎక్కువ తీపి ఒక్కసారిగా పడితే ఇలా కూలిపోతుందన్న సంగతీ, బిడ్డ ఎదుగుదల ఉండాల్సినదానికంటే రెండు వారాలు వెనకబడి ఉందన్న సంగతీ. ఆ తీపి బలవంతంగా తినిపించింది నేనే.

పాస్క్వా గిన్నె మూత పెట్టింది. "పదకొండు నెలలు నా బల్ల దగ్గర కూచుని నాటకమాడావన్న మాట."

"అవునత్తయ్యా."

"నా మనవడి తిండి నువ్వే కోయించేసుకున్నావు."

చాలా పెద్ద మాట. ఆ మాటకి నేను కొట్టేదాన్నే, మరిలేనా ముందే మాట్లాడింది.

"నేనూ రోజూ అదే అనుకుంటున్నా. ఆ కోత లేకపోతే అసలు ఈ కడుపే పండేది కాదేమో అంటోంది ఇక్కడి కాన్పుల డాక్టరమ్మ. కోత వల్లే వచ్చింది, కోత వల్లే పస్తులుంటోంది. ఏమనుకోవాలో మీరే చెప్పండి. నాకు తెలీడం లేదు."

పాస్క్వా పులుసు గిన్నె తీసుకుంది. లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు కొడుకుతో కూడా మాట్లాడలేదు.

డాక్టరమ్మ లెక్క చాలా సులువు. ఇనుము సూదిలో ఎక్కిస్తారు, మాత్రలు రోజూ వేసుకోవాలి. తిండి మాత్రం రెండు గంటలకోసారి, కాఫీ కప్పుడు, బలమైనది, నెమ్మదిగా. పిండి పిసికే చేతులతో, కట్టెలపొయ్యి పక్కన, అది ఎవరు గుర్తుంచుకుంటారు?

మూడోనాడు పొద్దున పదింటికి పాస్క్వా బేకరీకి వచ్చింది. చేతిలో నిజంగానే ఒక కాఫీ కప్పు. లోపల మెత్తగా నలిపిన అలచందలూ గుడ్డూ. తెర వైపు చూడకుండా నాతో అంది: "దానికివ్వు. మళ్ళీ పన్నెండింటికి ఇంకొకటొస్తుంది." బయటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి వీధంతటికీ వినబడేలా చెప్పింది: "ఇకమీదట ఎవరైనా పళ్ళెం పంపారా, వాళ్ళ తలుపుకేసి పగలగొడతా. కప్పు. వంతులవారీగా. చక్కెర వేశారో, నాతో మాట్లాడాలి."

మా ఆడవాళ్ళు కప్పు సైజు మీద కూడా పోట్లాడుకున్నారు. వంతు వచ్చింది కదాని ఒకావిడ సూప్ గిన్నె తెచ్చి, "మా ఇంట్లో కప్పులు ఇంతే ఉంటాయి," అంది. నేను సగం వెనక్కి పంపాను. మరిలేనా మొదటి వారం సిగ్గుతో గోడవైపు తిరిగి తినేది. తర్వాత పీట మీద కూచుని, నన్ను చూస్తూ తినడం మొదలుపెట్టింది. మే నెల స్కాన్‌లో బిడ్డ ఒక వారమే వెనకుంది. జూన్‌లోనూ అంతే. ఆ ఒక్క వారం చివరిదాకా పూడలేదు.

జూలై చివర్లో, మూడు వారాల ముందే ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల నూటయాభై గ్రాములు. ఏడుపు మాత్రం నాలుగు కిలోల పిల్లది. పది రోజులకి ఇంటికి తెచ్చారు. ప్రతి సోమవారం తూకం. నేను ముప్పై ఏళ్ళుగా రొట్టెలు తూచాను గానీ, ఏ కాటా ముందూ ఊపిరి బిగబట్టి నిలబడలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళ్ళాను. పాస్క్వా పాపని ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు పడుతోంది. సగానికి పైగా తాగి పాప మొహం తిప్పేసుకుంది. పాస్క్వా సీసా మళ్ళీ పెదాలకి ఆనించింది. "ఇంకొంచెం బంగారం, ఇంకొంచెమే. చూడు ఎంత మిగిలిందో. చిక్కిపోతావే."

పాప పెదాలు బిగించింది. పాస్క్వా వేలితో గడ్డం నొక్కబోయింది.

"చాలత్తయ్యా," అంది మరిలేనా.

"చాలేంటి? ఇంకా ఇంత ఉంది."

"దానికి చాలు. ఆకలేస్తే మళ్ళీ ఏడుస్తుంది, అప్పుడు పడదాం. బలవంతం చెయ్యొద్దు."

గొంతు పెంచలేదు. కానీ పదహారేళ్ళు ఆ ఇంట్లో ఏ పళ్ళెం ముందూ ఆమె నోటి వెంట ఆ మాట రాలేదని నాకు తెలుసు, పాస్క్వాకి తెలుసు. ముసలావిడ సీసా పట్టుకునే కోడలి వైపు తిరిగింది. కోపమొస్తుందేమోనని నేను కుర్చీలో ముందుకి జరిగాను. తర్వాత ఆమె సీసా బల్ల మీద పెట్టి, పాప మూతి తుడిచి, తల్లి చేతికిచ్చింది. మిగిలిన పాలు అలాగే ఉండిపోయాయి.