పిక్కకు రాయని నూనె

నేను సైన్సు టీచర్ని. ఎడపల్లి హైస్కూల్లో చాలా ఏళ్లు పనిచేశాను. గాలి సోకిందని ఆడపిల్లను బడి మాన్పిస్తే ఇంటికి పోయి కొట్లాడి వెనక్కి తెచ్చుకున్నదాన్ని. పోయినవాళ్లు మళ్లీ వస్తారని నా ముందు ఎవరన్నా అంటే ఇప్పటికీ చిరాకే. కింద రాసింది చదివాక కూడా నేను అవి నమ్మేదాన్నని అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

అవ్వ, అంటే మా అమ్మ, పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆమె ఉన్నన్ని రోజులు ఇది రాయలేకపోయాను.

మాది బోధన్. బాపు, మా నాన్న, మా చిన్నప్పుడే పోయాడు. అవ్వ, మా అక్క గంగామణి, అవ్వ చెల్లెలు రాజవ్వ చిన్నమ్మ, ముగ్గురూ బీడీలు చేసి నన్ను చదివించారు. పొద్దున ఒళ్లో చాట పెట్టుకుని కాళ్లు మడిచి కూర్చుంటే పొద్దుగూకేదాకా అట్లాగే. చాట కింద పెట్టినాక కాళ్లు చాపరావు. పిక్కలు రాయిలాగా గట్టిపడి ఉంటాయి. అందుకని సాయంత్రం ఒకరి కాళ్లు ఒకరు ఒళ్లో పెట్టుకుని, నువ్వుల నూనె వెచ్చచేసి, మడమ నుంచి పైకి పిసికేవాళ్లు. మా వాడకట్టులో బీడీలు చేసే ప్రతి ఇంట్లో ఇదే. కార్ఖానాలో బాగా లేవని బీడీలు ఏరి పారేసేవాణ్ణి తిట్టుకోవడం, నవ్వుకోవడం, అలిగినవాళ్లు మాట కలపడం అన్నీ ఆ నూనె గిన్నె దగ్గరే.

తొంభైల మొదట్లో ఒక వానాకాలం అక్క కార్ఖానా మెట్ల మీద జారింది. మోకాలిచిప్ప రెండు ముక్కలైంది. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంకు తీసుకుపోయాం. డాక్టరు చిప్పకు తీగ వేసి కట్టాడు. తొడ నుంచి మడమ దాకా పట్టీ వేశారు. ఆపరేషన్ బాగా చేశాడు, అది ఒప్పుకుంటాను. ఇంటికి పంపేటప్పుడు గోళీలు రాసిచ్చాడు, కాలు కింద పెట్టొద్దన్నాడు, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పాడు. ఇంకా ఏమన్నా జాగ్రత్తలున్నాయా సార్ అని అడిగితే నా వైపు చూడకుండా కాంపౌండర్‌ను కేకేసి తర్వాతి వాళ్లను పిలవమన్నాడు.

చెప్పిన రోజుకు పోయి పట్టీ విప్పించి మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాం. అక్క పిక్క వాచింది. గట్టిగా, వేడిగా ఉంది. ఇన్ని రోజులు కదలక పడి ఉన్న కాలు కదా, నెత్తురు పారాలని అవ్వ అనుకుంది. ఆ ఇంట్లో ఎవరైనా అట్లాగే అనుకుంటారు. నూనె వెచ్చచేసింది. కాలు ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకింత గట్టిగ పిసుకు అవ్వా, పాణం లేసొస్తున్నది" అన్నది అక్క.

నేను పక్కనే పిల్లల పేపర్లు దిద్దుతూ ఉన్నాను. ఆ మాట నా చెవులతో విన్నాను.

రెండు మూడు సాయంత్రాలు పిసికింది. చివరి రోజు అక్క లేచి గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి ఆడటం లేదన్నది. ఎదురింటివాళ్లు ఆటో తెచ్చేలోపే పోయింది. నర్సింగ్ హోంకు తీసుకుపోతే ఆ డాక్టరే బయటికి వచ్చి, గుండె ఆగిపోయిందని చెప్పి లోపలికి పోయాడు. అక్కకు నలభై కూడా లేవు.

ఎందుకు పోయిందో నాకు కొన్నేళ్లకు తెలిసింది. నిజామాబాద్ లైబ్రరీలో నర్సుల కోసం రాసిన పాత పుస్తకం ఒకటి తిరగేస్తుంటే కనిపించింది. కాలికి ఆపరేషన్ అయ్యి మంచం పట్టినవాళ్లకు పిక్క లోపలి రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టవచ్చు. పిక్క వాస్తుంది, వేడెక్కుతుంది, నొస్తుంది. అప్పుడు దాన్ని పిసకకూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కకపోవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అంతే. గోళీల పేర్లు చదివి చెప్పినంత సేపు పట్టదు ఈ మాట చెప్పడానికి. "పిక్క వాస్తే పిసకొద్దు, నా దగ్గరికి తీసుకురండి." బీడీలు చేసే ఊళ్ల మధ్య కూర్చుని ఎముకల వైద్యం చేసే మనిషికి, మా ఆడవాళ్లు సాయంత్రం ఏం చేస్తారో తెలియదా? ఆయన దగ్గరికి వచ్చే కాళ్లలో సగం మావే.

అవ్వకు మాత్రం చెప్పలేదు. ఎట్లా చెప్పను? పిసికింది ఆమె చేతులు. చిన్నమ్మకు కూడా చెప్పలేదు. ఆమెకు చెబితే అవ్వకు చెప్పినట్టే.

రెండువేల సంవత్సరం దాటినాక అవ్వ మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. కుడి మోకాలు మార్పించడానికి హైదరాబాద్ తీసుకుపోయాను. ఆపరేషన్ అయిన మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు. మా వాడకట్టులో ఈ మాట ఎవరూ నమ్మలేదు. మోకాలు వంచే వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. ఆమె గదిలో కాలు పెట్టగానే అవ్వ ఆమె ఏడు తరాలనూ తిట్టేది. ఆ నొప్పి తప్పదు. వంచకుంటే కీలు బిగుసుకుపోతుంది. మెత్త, అదే దిండు, మోకాలి కింద పెట్టకూడదు, మడమ కింద పెట్టాలి. ఎత్తు కుర్చీ కావాలి, కమోడ్ కుర్చీ కావాలి. ఇక కింద కాళ్లు మడిచి కూర్చోవద్దు.

"కింద కూసోకపోతె బీడీలు ఎట్ల చేస్త?" అని అడిగింది అవ్వ. ఆ అమ్మాయికి అర్థం కాలేదు.

ఇంటికి పంపుతూ బొమ్మలున్న పుస్తకం ఒకటి ఇచ్చారు. మెరిసే కాగితం, మొత్తం ఇంగ్లీషు. పిక్క వాస్తే రమ్మని ఒక మూల ఉంది. నూనె మాట, పిసికే మాట ఎక్కడా లేదు. రాసినవాళ్లు మాలాంటి ఇంటి గడప తొక్కి ఉండరు. నేనే దాన్ని చిన్నమ్మకు తెలుగులో చదివి వినిపించి, పుస్తకంలో లేని మాట నా తరఫున కలిపాను. కాళ్లు పిసకొద్దు, పిక్క వాస్తే నాకు ఫోన్ చేయమని.

"కోసింది మోకాలును గద. పిక్క ఏం పాపం చేసింది?" అన్నది చిన్నమ్మ.

డాక్టరు ఒట్టు పెట్టి చెప్పాడని అబద్ధమాడాను. సరే అన్నది. ఆమె సరే అంటే ఏమిటో నాకు తెలుసు.

సెలవు అయిపోయి బడికి పోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం హెడ్మాస్టర్ గదిలోకి ఫోన్ వచ్చింది. పక్కింటామె. చిన్నమ్మ బయట కూర్చుని ఇంట్లోకి పోనంటున్నది, తొందరగా రమ్మన్నది.

నేను పోయేసరికి చిన్నమ్మ వాకిట్లో కుడి మణికట్టు పట్టుకుని కూర్చుంది. ముఖంలో భయం కంటే కోపం ఎక్కువ ఉంది.

"మీ అక్క ఉన్నది లోపట. నన్ను ముట్టనిస్తలేదు. పిసుకుమన్నది మీ అవ్వ, చెయ్యి ఇరుస్తున్నది నాది. తల్లీబిడ్డలు మీరే తేల్చుకోండ్రి."

ఆమె చెప్పింది ఇది. అవ్వ పిక్క గుంజుతున్నదని, కొంచెం పిసకమని బతిమాలింది. చిన్నమ్మ నూనె వెచ్చచేసి అరచేతిలో పోసుకుంది. పిక్క మీదికి చెయ్యి చాపగానే వెనకనుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. తిమ్మిరి అనుకుని విదిలించి మళ్లీ చాపింది. మళ్లీ పట్టుకున్నారు. ఎడమ చెయ్యి చాపితే అదీ పట్టుకున్నారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

నేను ముందు చేసింది, ఆమెను నవ్వమని మూతి చూడటం. పక్షవాతమేమోనని. రెండు చేతులూ పైకి ఎత్తించాను, నా వేళ్లు బిగించమన్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. కుడి మణికట్టు చుట్టూ మాత్రం ఎర్రగా కమిలి ఉంది. ఇరుకు గాజులు బలవంతంగా తీస్తే అయినట్టు.

లోపల మంచం పక్కన నూనె గిన్నె నిండుగా ఉంది. అవ్వ పిక్క వాచి మెరుస్తున్నది. ముట్టుకుంటే వేడి. చిన్నమ్మ ఏం చెప్పిందో అనకుండా, ఏమైందని అవ్వను అడిగాను.

రాజవ్వ చెయ్యి గాలిలో ఆగిపోయిందని చెప్పింది. అదే సమయంలో తన కాలి బొటనవేలును ఎవరో పట్టుకున్నారట. అక్క ఎవరి కాళ్లు పిసికినా ముందు బొటనవేలు పట్టుకుని మెటిక విరిచేది. ఈసారి విరవలేదట, ఊరికే పట్టుకుని ఉన్నదట.

"గంగా, ఇడువు బిడ్డా, పిసుకనియ్యి అన్న. ఇడువలే" అన్నది అవ్వ.

ఆలోచించడానికి అప్పుడు తీరిక లేదు. జీపు మాట్లాడి నిజామాబాద్‌లో పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాను. స్కాన్ చేశారు. తొడ దాకా గడ్డ ఉంది. కాలు పిసికారా అని డాక్టరు రెండుసార్లు అడిగాడు. లేదన్నాను.

"బతికిపోయింది. పిసకొద్దని ఎవరు చెప్పిన్రు మీకు?"

 మీరు అందరికీ చెప్తారా అని అడిగాను. బయట లైను చూసిన్రా అమ్మా అన్నాడు.

ఈ మాటలు అవ్వ వింటున్నదని నేను చూసుకోలేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టి అందరూ పోయినాక అడిగింది.

"పిసికితె ఏమైతుండె?"

గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుందని చెప్పాను. అంతవరకే చెప్పాను. మిగతాది ఆమే కలుపుకుంది. 

"గంగకు గట్లనే అయ్యిందా?"

నేను ఆమె కాలి మీది దుప్పటి సర్దాను.

"మరి నన్నెందుకు బతికిచ్చింది? దాన్ని పిసికిన చేతులు నావేనాయె."

నీ చేతులు కాదవ్వా, చెప్పనివాడి నోరు అన్నాను. ఆమె విన్నదో లేదో తెలియదు. తర్వాత బాగా నడిచింది, బజారుకు కూడా పోయి వచ్చేది. కానీ మళ్లీ ఎవరి కాళ్లూ ముట్టలేదు. చిన్నమ్మ కాళ్లు గుంజుతున్నాయని ఏడ్చినా ముట్టలేదు. నా కోపం తీరకపోవడానికి ఇది కూడా కారణం. అక్కను తీసుకున్నది కాక ఆమె చేతుల్లో ఉన్న ఆ ఒక్క సంతోషాన్ని కూడా తీసుకున్నారు.

అవ్వ కోలుకున్నాక నేను ఆ నర్సింగ్ హోంకు పోయాను. ఇప్పుడు మూడంతస్తులు. డాక్టరు జుట్టు నెరిసింది. అక్క పేరు చెబితే గుర్తు లేదన్నాడు, నిజమే అయి ఉంటుంది. ఏం జరిగిందో చెప్పి, మీరు ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. అరవలేదు. బడిలో పిల్లవాణ్ణి అడిగినట్టే అడిగాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది వేరే చెప్పాలా అమ్మా? అందరికి తెలిసిందే గద" అన్నాడు.

లేచి వచ్చేశాను. ఇంకొంచెం సేపు కూర్చుంటే ఏం చేసేదాన్నో.

చిన్నమ్మ భయంతో చెయ్యి బిగబట్టిందని చెప్పవచ్చు. కానీ పిసకొద్దన్నానే గానీ ఎందుకో నేను చెప్పలేదు, భయపడటానికి ఆమెకు ఏమీ తెలియదు. కోసింది మోకాలును కదా అని వాదించిన మనిషి. అవ్వకు తెలిస్తే తానే పిసకమని బతిమాలేది కాదు. అందరికీ తెలుసన్న ఆ మాట మా ఇంట్లో తెలిసింది ఒక్కరికే. పుస్తకం చదివిన నాకు. ఆ మధ్యాహ్నం నేను ఎడపల్లిలో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను.

పిసికితే ఏమవుతుందో ఇంట్లో ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు. అక్కకూ ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.